ఒకటీ ముప్పావు

లాకు దగ్గర గేజి పలక మీద అంకె
నాకు బాగానే కనిపిస్తుంది.
నీళ్ళు దాన్ని నాకుతున్న చోటు కూడా.
చేతిలో ఉన్న ఫోన్లోనే
ఐదూ ఎనిమిదీ ఒక తల్లి పిల్లలైపోతాయి.
అసలే ఐదు కిందే పక్కేసుకుంటుంది ఎనిమిది.

మొన్న ఆషాఢంలో
ఐదడుగులని నొక్కబోయి ఎనిమిది నొక్కాను.
ఆఫీసులో ఎవరో, ఎనిమిదా, చాలు, అనుకుని
పైన షట్టరు దించేశారు.
రెండు రోజులు.
శివారులో కాసులమ్మగారి ఆకుమడి నోరు తెరిచింది.
ఆవిడ ఒక్క మాట అనలేదు.
చెప్పు విడిచి బీట మీద పాదం పెట్టి చూపించింది.
బొటనవేలు దిగిపోయింది.

అందుకని అమలాపురం వచ్చాను, సైకిలు మీదే.

"చదవడానికా, తొక్కడానికా?" అన్నాడు అద్దాల షాపు జిలానీ.
రెండింటికీనండి. లస్కరుని.
"ఆగి చదువుకోవచ్చుగా?"
పధ్నాలుగు తూములండి.
ఆగినప్పుడల్లా జేబులోంచి తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ దాచి...
ముందటి జోడుని ఏడో తూము మింగేసింది.
తర్వాతదానికి తాడు కట్టి మెడలో వేసుకున్నాను,
హేండిలుకి కొట్టుకుని కొట్టుకుని
అదీ పోయింది.

రెండంతస్తుల అద్దం పెట్టి, తొక్కి రమ్మన్నాడు.
వీధి మలుపులో కింది అంతస్తులోకి
ముందు చక్రం వచ్చిపడింది. రోడ్డు ఉబ్బింది.
లేని గతుక్కి బ్రేకేశాను,
ఉన్న గతుకులో దిగాను.
అదే గట్టు మీదైతే, ఇటు కాలవ, అటు బోదె.

గీత లేని రకం ఇంకోటుందన్నాడు. ధర చెప్పాడు.
బయట నిలబడ్డ నా సైకిలు వంక చూశాను.
ఇద్దరం కలిసినా అంత చెయ్యం.

నల్లద్దాలు నేనే వద్దన్నాను.
కొబ్బరితోటల పక్కన ఎండ ముక్క, నీడ ముక్క, ఎండ ముక్క,
ఆ చారల్లో పామూ ఒక చారే.
తెల్లవి కావాలి, చెంపలదాకా చుట్టుకునేవి.
సందేళ గట్టు మీద పురుగులు
పెళ్ళివారిలా ఎదురొస్తాయి, తిన్నగా కళ్ళకే.

జిలానీ కాసేపు గడ్డం గోక్కుని
"సైకిలు అరుగు మీదికి ఎక్కించండి" అన్నాడు.
స్టాండేసి ఎక్కి కూచున్నాను.
వెనక చక్రం గాల్లో తిరుగుతోంది.
"రోడ్డు చూడండి. ఇప్పుడు ఫోను. మళ్ళీ రోడ్డు."
జనం మూగారు. ఎవడో "ఎందాకా బాబాయ్?" అన్నాడు.
జిలానీ నవ్వలేదు.
స్కెచ్ పెన్నుతో అద్దం మీద చుక్క పెట్టాడు,
నేననుకున్నదానికి బాగా దిగువన.
"వంగి తొక్కేవాళ్ళకి తల కిందికి, చూపు పైకి.
కుర్చీలో కూచునేవాళ్ళ కొలత మీకు పనికిరాదండి."
నలభయ్యేడేళ్ళలో నా నడుముని
ఎవరూ అంత మర్యాదగా చదవలేదు.

అప్పుడు తీశాడు చిన్న డబ్బీ.
అందులో గోరంత తునక,
తాటిముంజె పొరలా మెత్తగా.
పవరు ఒకటీ ముప్పావు.
జిగురక్కర్లేదట, నీటిచుక్కతో అంటుకుంటుందట.
"నీళ్ళతోనా?"
"ఆయ్."
ఇరవై రెండేళ్ళుగా నీళ్ళకి కాపలా కాస్తున్నాను.
అవి నాకు చేసిపెట్టిన మొదటి పని ఇదే.

ఇప్పుడు నా అద్దం అడుగున
అష్టమి చంద్రుడు వెల్లకిలా పడుకుంటాడు.
దారి వాడి మీంచి పోతుంది.
కన్ను కాస్త వాలిస్తే ఐదు ఐదే,
ఎనిమిదికి రెండు సున్నాలూ ఉన్నాయి.

చినుకు పడితే మాత్రం జారతాడు.
నిన్న పదో తూము దగ్గర ముక్కు మీదికి దిగాడు.
కాలవలో వేలు ముంచి
మళ్ళీ అతికించాను, కొంచెం వంకరగా.
రీడింగు పంపాను. ఐదు.
పంపాక సైకిలు గట్టున పడుకోబెట్టి,
కిందికి దిగి
పలక ఇంకోసారి చూసొచ్చాను.